తాళం పోతే ఎవరినడగాలి?

మావయ్యది విజయవాడ. బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాడు. ఉద్యోగంలో చాలాకాలం లాకర్ల గది ఆయన అజమాయిషీలోనే ఉండేది. మేనకోడలు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ భద్రత చూసే ఇంజనీరు. ఈ మధ్య ఆయన కొంత బిట్‌కాయిన్ కొన్నాడు. ఎంతో చెప్పడు. కొనడం మంచిదా, చెడ్డదా అన్న వాదన వీళ్ల మధ్య ముందే అయిపోయింది, ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. కొన్నదాన్ని పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు ఎలా నిలుపుకోవాలన్నదే ఇప్పటి పేచీ.

మావయ్య: ముందు ఇది చెప్పు. నేను కొన్న బిట్‌కాయిన్ ఇప్పుడు ఎక్కడుంది? ఫోన్లో యాప్ తెరిస్తే కనిపిస్తోంది. ఫోన్ పోతే అదీ పోయినట్టేనా?

మేనకోడలు: అది ఫోన్లో లేదు మావయ్యా. ఆ మాటకొస్తే మీ దగ్గరే లేదు. బిట్‌కాయిన్ లెక్కల పుస్తకం ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో ఒకేలా ఉంటుంది. ఫలానా చిరునామా కింద ఇంత ఉందని అందులో రాసి ఉంటుంది. దాన్ని కదిలించాలంటే ఆ చిరునామాకి సరిపోయే ప్రైవేట్ కీ కావాలి. మీరు కొన్నది ఎక్స్‌చేంజ్‌లో కాబట్టి ఆ కీ వాళ్ల దగ్గరుంది. మీకున్నదల్లా ఆ కంపెనీ ఖాతాలో మీ పేరున ఒక పద్దు.

మావయ్య: బ్యాంకులో డబ్బు కూడా నా పేరున ఒక పద్దే. అక్కడే ఉండనిస్తే నష్టమేమిటి?

మేనకోడలు: బ్యాంకు మునిగితే 5 లక్షల దాకా డిపాజిట్ బీమా వస్తుంది. అది నేను మీకు చెప్పాలా? ఇక్కడ ఆ బీమా లేదు. టోక్యోలో మౌంట్ గాక్స్ అని ఒకప్పుడు అతిపెద్ద ఎక్స్‌చేంజ్ ఉండేది. 2014 ఫిబ్రవరిలో చేతులెత్తేసింది. దాదాపు 8.5 లక్షల బిట్‌కాయిన్లు కనబడటం లేదన్నారు, తర్వాత 2 లక్షలు ఏదో పాత వాలెట్‌లో, అంటే కీలు దాచేచోట, దొరికాయన్నారు. బాధితులకు బిట్‌కాయిన్లు తిరిగివ్వడం 2024 జూలైకి గానీ మొదలవలేదు. అదే నెలలో మన దేశంలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్‌చేంజ్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టోను దొంగలు పట్టుకుపోయారు. ఖాతాదారులు తమ క్రిప్టోను బయటికి తీసుకోలేక ఏడాదికి పైగా ఆగాల్సి వచ్చింది. వ్యవహారం చివరికి సింగపూర్ కోర్టులో తేలింది.

మావయ్య: వజీర్‌ఎక్స్ సంగతి నేనూ చదివాను. దానికి ఒక్క తాళం కాదట, చాలామంది సంతకాలు పడితేగానీ కదలదట. అయినా పోయింది. అంతమంది కాపలా ఉన్నదే నిలవకపోతే నా బీరువాలో కాగితం ముక్క నిలుస్తుందా?

మేనకోడలు: సంతకాలు చేసినవాళ్లు దేని మీద చేస్తున్నారో చూడలేకపోయారు. తెర మీద కనిపించింది ఒక లావాదేవీ, లోపల ఉన్నది ఇంకొకటి. 2025 ఫిబ్రవరిలో బైబిట్ ఎక్స్‌చేంజ్‌లోనూ అదే జరిగింది. సుమారు 150 కోట్ల డాలర్ల ఈథర్ అనే క్రిప్టో పోయింది. చేసింది ఉత్తర కొరియా అని ఎఫ్‌బీఐ ప్రకటించింది. అంత పెద్ద కుప్ప ఉన్నచోటే అంత శ్రమ పడతారు. మీ బీరువా కోసం ప్యాంగ్యాంగ్ నుంచి ఎవరూ రారు.

మావయ్య: బీరువాకి బెజవాడ దొంగ చాలు.

ఈ మొదటి అంకంలో నా ఓటు మేనకోడలికే. రోజూ కొని అమ్మేవాళ్లకు ఎక్స్‌చేంజ్ తప్పదు. ఇరవయ్యేళ్లు దాచాలనుకున్నవాడు మాత్రం ఆ ఇరవయ్యేళ్లూ ఒక కంపెనీ నిజాయితీ మీదా, దాని ఇంజనీర్ల చురుకుదనం మీదా పందెం కాస్తున్నట్టే. అయితే మావయ్య అసలు అస్త్రం ఇంకా తీయలేదు.

మావయ్య: మా లాకర్లకి రెండు తాళాలు ఉండేవి. ఒకటి ఖాతాదారుది, ఒకటి మాది. ఖాతాదారు తాళం పారేసుకుంటే దరఖాస్తు తీసుకుని, ఖర్చు కట్టించుకుని, సాక్షుల ముందు డ్రిల్లు పెట్టి తెరిపించేవాళ్లం. మా నిర్లక్ష్యం వల్ల లాకర్‌లో సొత్తు పోతే సాలు అద్దెకి 100 రెట్లు ఇచ్చుకోవాలని 2022 నుంచి రిజర్వు బ్యాంకు నియమం. ఖాతా పదేళ్లు ఎవరూ తాకకపోతే డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది. ఆ తర్వాత వారసుడొచ్చి అడిగినా ఇస్తారు. వెతుక్కోవడానికి ఉద్గమ్ అని పోర్టల్ కూడా పెట్టారు. అంటే మా వ్యవస్థలో మనిషి మరిచిపోవచ్చు, పారేసుకోవచ్చు, చచ్చిపోవచ్చు. దేనికైనా ఒక ఫారం ఉంది. నీ వ్యవస్థలో ఆ ఫారం ఏది?

మేనకోడలు: లేదు మావయ్యా.

మావయ్య: లేదంటే?

మేనకోడలు: లేదంటే లేదు. కీ పోతే అడగడానికి ఎవరూ ఉండరు. వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో ఒకాయన 2013లో హార్డ్‌డిస్క్ చెత్తలో పడేసుకున్నాడు. దాంట్లో దాదాపు 8,000 బిట్‌కాయిన్ల కీ ఉంది. చెత్తదిబ్బ తవ్వనివ్వమని ఏళ్ల తరబడి అడిగాడు, మునిసిపాలిటీ ఒప్పుకోలేదు, 2025 జనవరిలో హైకోర్టు కూడా దావా కొట్టేసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ప్రోగ్రామర్‌వి 7,002 బిట్‌కాయిన్లు తాళం వేసిన పెన్‌డ్రైవ్‌లో ఇరుక్కుపోయాయి. పాస్‌వర్డ్ పదిసార్లు తప్పితే అది శాశ్వతంగా మూసుకుపోతుంది. ఎనిమిదిసార్లు తప్పాడని 2021లో పత్రికలు రాశాయి.

మావయ్య: దొంగ అక్కర్లేదన్నమాట. సొంతదారే చాలు.

మేనకోడలు: 2010లో ఒకాయన ఏ పొరపాటూ చెయ్యకుండానే 8,999 బిట్‌కాయిన్లు పోగొట్టుకున్నాడు. ఉన్న 9,000 లోంచి ఒకటి పంపాడు. మిగతా చిల్లర పాత చిరునామాకి రాదు, వాలెట్ అప్పటికప్పుడు పుట్టించిన కొత్త చిరునామాకి వెళ్తుంది. ఆయన దాచిన బ్యాకప్ అంతకుముందుది. అందులో ఆ కొత్త కీ లేదు.

మావయ్య: ఇన్ని తెలిసి కూడా నన్ను సొంతంగా దాచుకోమంటున్నావా!

మేనకోడలు: ఆ కష్టాలు చూసే పద్ధతి మార్చారు. ఇప్పుడు ఒక్క బీజం నుంచి కీలన్నీ పుడతాయి. 2013లో వచ్చిన ప్రమాణం ప్రకారం ఆ బీజాన్ని 12 లేదా 24 మామూలు మాటలుగా రాసిస్తారు. దాన్ని సీడ్ ఫ్రేజ్ అంటారు. 2,048 మాటల పట్టికలోంచి ఏరిన మాటలవి. 12 మాటలకే వీలైన కూర్పులు 39 అంకెల సంఖ్య అవుతాయి. మాటలు చేతిలో ఉంటే పరికరం విరిగినా, దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడినా, ఇంకో కంపెనీ పరికరంలో ఎక్కించి తెరుచుకోవచ్చు.

మావయ్య: ఆ మాటలు తెలుగులో ఉంటాయా?

మేనకోడలు: ఉండవు. ఇంగ్లీష్, జపనీస్, కొరియన్, స్పానిష్, ఫ్రెంచ్, చెక్ కూడా ఉంది. మన దేశ భాష ఒక్కటీ ఆ పట్టికల్లో లేదు.

మావయ్య: మరి మీ అత్తయ్య ఎలా చదువుతుంది? సరే, దానికి తర్వాత వస్తాను. అంత పెద్ద సంఖ్యని ఎవరూ ఊహించలేరని నువ్వు అంటున్నావు. ఆ సంఖ్యని ఏరేది యంత్రమే కదా. యంత్రం సోమరిదైతే?

మేనకోడలు: ఇది మాత్రం మంచి ప్రశ్న. సరిగ్గా అలాగే జరిగింది. లిబ్‌బిట్‌కాయిన్ అనే పనిముట్టుతో బీజం పుట్టిస్తే పైకి 24 మాటలూ వచ్చేవి. లోపల మాత్రం అది 32 బిట్ల యాదృచ్ఛికతే వాడేది. అంటే మొత్తం 429 కోట్ల కూర్పులే. ఒక మామూలు కంప్యూటర్ ఓపిగ్గా కూర్చుంటే అన్నీ తిరగేస్తుంది. 2023లో ఆ వాలెట్లు ఖాళీ అయ్యాకే లోకానికి తెలిసింది. అంతకుముందు 2013లో ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇలాంటి లోపమే బయటపడింది. అందుకే బీజాన్ని వెబ్ పేజీలోనో, మీ బుర్రలోంచో తీయకూడదు. హార్డ్‌వేర్ వాలెట్‌లో, అంటే కీల కోసమే చేసిన చిన్న పరికరంలో, పుట్టించాలి. ఇంకా అనుమానముంటే పాచికలు వేసి, ఆ అంకెలు ఎక్కించే వీలున్న పరికరాలూ ఉన్నాయి.

మావయ్య: ఆ హార్డ్‌వేర్ వాలెట్ మాత్రం కంపెనీ వస్తువు కాదా? మళ్లీ కంపెనీని నమ్మమనే కదా.

మేనకోడలు: కొంత నమ్మక తప్పదు. ఫ్రాన్స్‌లోని లెడ్జర్ కంపెనీ దగ్గర పరికరాలు కొన్నవాళ్ల వివరాలు 2020లో బయటికి పొక్కాయి. రెండున్నర లక్షల మందికి పైగా కస్టమర్ల పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు. పరికరాల్లోని క్రిప్టో భద్రంగానే ఉంది కానీ, ఎవరి ఇంట్లో క్రిప్టో ఉందో దొంగలకి పట్టిక దొరికింది. కొందరికి పోస్టులో నకిలీ పరికరాలు పంపారు, మీ పాతది మార్చుకోండి అని. ప్రేగ్ కంపెనీ పరికరం ట్రెజర్‌ది వేరే గొడవ. అప్పటి మోడళ్లు చేతికి చిక్కితే సుమారు పావుగంటలో బీజం లాగేయొచ్చని 2020లో ఒక పరిశోధనాగారం చూపించింది. ఆ మాటలకు తోడు సొంతంగా ఇంకో రహస్య పదం, అంటే పాస్‌ఫ్రేజ్, పెట్టుకున్నవాళ్లకు ఆ బెంగ లేదు.

మావయ్య: ఆ పాస్‌ఫ్రేజ్ మరిచిపోతే?

మేనకోడలు: ...దానికీ ఫారం లేదు.

మావయ్య: చూశావా, నువ్వు చెప్పే ప్రతి కొత్త గొళ్లెం దొంగనొకణ్ణి ఆపి, నన్ను కూడా బయటే నిలబెడుతోంది.

మేనకోడలు: అందుకే కొత్తవాళ్లకి పాస్‌ఫ్రేజ్ వద్దంటాను. కంపెనీ దగ్గర నేరుగా కొన్న పరికరం, అది చూపించిన 12 మాటలు. మాటలు ముందే అచ్చేసిన కార్డుతో పరికరం వచ్చిందంటే మాత్రం ముట్టుకోకండి, అవి ఇంకొకడి దగ్గర ముందే ఉన్నట్టు లెక్క.

మావయ్య: సరే, ఆ మాటలు ఎక్కడ దాచను? బుడమేరు వరద సంగతి మరిచిపోయావా? 2024 సెప్టెంబర్‌లో సింగ్‌నగర్‌లో కింది అంతస్తులన్నీ మునిగాయి. బీరువాల్లో పట్టాదారు పుస్తకాలు, ఇంటి దస్తావేజులు ముద్దయిపోయాయి. నీళ్లు రాకపోతే చెదలు వస్తాయి.

మేనకోడలు: స్టెయిన్‌లెస్ స్టీల్ పలక మీద చెక్కించండి. కాదు, చెక్కించొద్దు, మీరే అక్షరాల అచ్చులతో కొట్టుకోండి. ఆ పట్టికలో ఏ మాటకైనా మొదటి నాలుగు అక్షరాలు చూస్తే చాలు, ఫలానా మాటని తేలిపోతుంది. పన్నెండు వరసలు, వరసకి నాలుగు అక్షరాలు. నీళ్లకి చెడదు, చెదలు తినవు, ఇల్లు కాలినా స్టీల్ సుమారు 1,400 డిగ్రీల దగ్గరగానీ కరగదు.

మావయ్య: ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుంటే సులువు కదా.

మేనకోడలు: వద్దంటే వద్దు. ఫొటో తీయగానే అది క్లౌడ్‌లోకి వెళ్లిపోవచ్చు. 2025 ఫిబ్రవరిలో స్పార్క్‌క్యాట్ అనే వైరస్ బయటపడింది. గూగుల్ ప్లేలోనూ, ఆపిల్ స్టోర్‌లోనూ ఉన్న కొన్ని యాప్‌లలో దూరి, గ్యాలరీలోని బొమ్మల్లో రాతను చదివి, సీడ్ ఫ్రేజ్ మాటలు కనిపిస్తే పంపించేస్తుంది.

మావయ్య: పేపర్లో చూశాను, మన అమరావతికి ఐబీఎం క్వాంటం కంప్యూటర్ తెస్తామని ప్రకటించారు. అది వస్తే ఈ కీలన్నీ ఊడిపోతాయట. ఇరవయ్యేళ్లు దాచమంటున్నావు, అప్పటికి నీ 39 అంకెలు ఏమవుతాయి?

మేనకోడలు: ఆ ప్రకటనలో చెప్పిన యంత్రం 156 క్యూబిట్లది. బిట్‌కాయిన్ సంతకాన్ని విరగ్గొట్టాలంటే తప్పులు చెయ్యని క్యూబిట్లు వేలల్లో కావాలి. అలాంటి ఒక్కో క్యూబిట్‌ని నిలబెట్టడానికి మామూలువి ఎన్నో కావాలి. అమరావతి యంత్రానికీ, ఆ పనికీ చాలా దూరం. అయితే దారి మాత్రం ఉంది. 1994లోనే పీటర్ షోర్ లెక్క కట్టి చూపించాడు. ప్రైవేట్ కీకి జంటగా ఉండే పబ్లిక్ కీ కనబడితే చాలు, అంత పెద్ద క్వాంటం కంప్యూటర్ దాని ప్రైవేట్ కీని రాబడుతుంది.

మావయ్య: పబ్లిక్ కీ అందరికీ కనబడేదే కదా?

మేనకోడలు: ఎప్పుడూ కాదు. మామూలు చిరునామాలో ఉండేది పబ్లిక్ కీ హాష్, అంటే దాని వేలిముద్ర లాంటిది, మాత్రమే. దాంట్లోంచి ఖర్చు పెట్టినప్పుడే అసలు కీ బయటపడుతుంది. అందుకే ఒక చిరునామాని ఒక్కసారే వాడమంటారు. 2009, 2010లో తవ్విన, అంటే అప్పుడు కొత్తగా పుట్టిన, నాణేలు చాలావాటికి పబ్లిక్ కీ నేరుగా పుస్తకంలోనే ఉంది. బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి నకమోటోవి అనుకునేవి కూడా అలాంటివే. 2021 నవంబర్‌లో వచ్చిన ట్యాప్‌రూట్ చిరునామాల్లోనూ కీ కనబడుతుంది. క్వాంటం దెబ్బకి తట్టుకునే సంతకాలకు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ప్రమాణాలు ఖరారు చేసింది. బిట్‌కాయిన్‌లోకి వాటిని ఎలా తేవాలన్న చర్చ నడుస్తోంది. అవి వచ్చిన రోజున మీ నాణేలను కొత్తరకం చిరునామాలోకి మీరే మార్చుకోవాలి.

మావయ్య: నేనే మార్చుకోవాలంటే నేను బతికి ఉండాలి, ఆ వార్త నా చెవిన పడాలి. ఇది గోడలో పెట్టి మరిచిపోయే లంకెబిందె కాదన్నమాట.

మేనకోడలు: కాదు. ఏడాదికోసారైనా పలకరించాలి. బిట్‌కాయిన్ నెట్‌వర్క్ ఆరోగ్యం కూడా చూసుకుంటూ ఉండాలి. లావాదేవీలను ఆ పుస్తకంలో బ్లాకుగా చేర్చేవాడికి, అంటే బ్లాకు తవ్వినవాడికి, వచ్చే బహుమానం మొదట్లో 50 బిట్‌కాయిన్లు, 2024 ఏప్రిల్ నుంచి 3.125. ఇలా సగమవుతూ 2140 ప్రాంతానికి ఆగిపోతుంది. ఆ తర్వాత లావాదేవీల రుసుము మీదే కాపలా నడవాలి. నడుస్తుందని నా నమ్మకం, నడవదనేవాళ్లూ ఉన్నారు.

మావయ్య: 2140 సంగతి నాకెందుకులే. నా సంగతి చూద్దాం. నేను పోయాక ఏమిటి? కెనడాలో క్వాడ్రిగా అని ఎక్స్‌చేంజ్ ఉండేది. దాని యజమాని ముప్ఫై ఏళ్లవాడు, 2018 డిసెంబర్‌లో మన జైపూర్ వచ్చి చనిపోయాడు. కీలు అతనికొక్కడికే తెలుసన్నారు, 76,000 మంది ఖాతాదారులు వీధిన పడ్డారు. చావుతో కీ పోవడమంటే అదే కదా?

మేనకోడలు: ఆ కథ మీ వాదానికి సాయం చెయ్యదు మావయ్యా. ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్ విచారించి 2020లో నివేదిక ఇచ్చింది. అది మోసం. ఖాతాదారుల డబ్బు అతను బతికుండగానే హరించేశాడు. దాచానన్న వాలెట్లు దాదాపు ఖాళీ. అది కీ పోయిన కథ కాదు, నా మొదటి మాటకే సాక్ష్యం.

మావయ్య: ఒప్పుకుంటాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. బ్యాంకులో నామినీ ఉంటాడు. 2025 నవంబర్ నుంచి నలుగురి దాకా రాసుకోవచ్చు. దీనికి?

మేనకోడలు: వీలునామాలో ఈ ఆస్తి ఉందని రాయండి. 12 మాటలు మాత్రం అందులో రాయకూడదు, పలక ఎక్కడుందో వేరే కాగితంలో చెప్పాలి. క్రిప్టో కూడా ఆస్తేనని 2025 అక్టోబర్‌లో మద్రాసు హైకోర్టు అంది.

మావయ్య: కోర్టు ఆస్తి అంటుంది, కీ లేకపోతే ఆ ఆస్తిని కోర్టు కూడా కదిలించలేదు. పోనీ, ఆరు మాటలు పెద్దాడికి, ఆరు చిన్నాడికి ఇస్తే? ఇద్దరూ కలిస్తేగానీ తెరుచుకోదు.

మేనకోడలు: అందరూ చేసే తప్పు అదే. ఆరు మాటలు తెలిసినవాడికి మిగిలే కూర్పులు 39 అంకెల నుంచి 19 అంకెలకి పడిపోతాయి. గట్టి యంత్రాలున్నవాడు ప్రయత్నించే స్థాయి అది. పైగా ఇద్దరిలో ఏ ఒక్కరు పోగొట్టుకున్నా ఇద్దరిదీ పోయినట్టే. దొంగకి పని తగ్గుతుంది, మీకు ప్రమాదం పెరుగుతుంది. అలా చెయ్యాలంటే మల్టీసిగ్ ఉంది. మూడు కీలు, ఏ రెండు కలిసినా చాలు. ఒకటి మీ దగ్గర, ఒకటి లాకర్‌లో, ఒకటి డాలస్‌లో ఉన్న పెద్దాడి దగ్గర.

మావయ్య: ఇది బాగుంది. మా రెండు తాళాల పద్ధతికి అన్నలా ఉంది. ఒకటి పోయినా మిగతా రెండూ ఉంటాయి.

మేనకోడలు: ఉంటాయి కానీ ఒక మెలిక ఉంది. రెండు సంతకాలు చాలినా, మూడో కీ తాలూకు పబ్లిక్ వివరం కూడా తెలిస్తేనే ఆ చిరునామాని తిరిగి కట్టగలం. ఆ వివరం రాసిన ఫైలు లేకుండా రెండు పలకలే చేతిలో ఉంటే డబ్బు ఎదురుగా ఉన్నా అందదు. కాబట్టి ప్రతి పలక పక్కనా ఆ ఫైలు ప్రతి ఒకటి ఉండాలి.

మావయ్య: ఇప్పుడు వినమ్మా. నేను పోయిన పదిహేనో రోజున మీ అత్తయ్య ముందు మూడు పలకలు, ఒక ఫైలు, ఒక పరికరం పెట్టి, పబ్లిక్ వివరం అంటావు. ఆవిడ ఆ పూట ఏం చెయ్యాలి?

మేనకోడలు: నన్ను పిలవాలి.

మావయ్య: నిన్నే పిలుస్తుందని ఏమిటి? ముందు ఫోన్ చేసేవాడు కస్టమర్ కేర్ అంటాడు. డిజిటల్ అరెస్ట్ అంటాడు. నాలుగు అక్షరాల పలక తెమ్మంటే తెచ్చి చదువుతుంది.

మేనకోడలు: అందుకే ఎవరికీ చెప్పొద్దంటాను. 2025 జనవరిలో ఫ్రాన్స్‌లో లెడ్జర్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరిని ఎత్తుకుపోయి వేలు నరికారు. ఉందని తెలియడమే ప్రమాదం.

మావయ్య: ఎవరికీ చెప్పకపోతే నాతోపాటే పోతుంది. చెబితే ఎవడో కొట్టేస్తాడు. ఈ రెంటి మధ్య నీ సాఫ్ట్‌వేర్ ఏం చెబుతుంది?

మేనకోడలు జవాబు వెతుక్కున్న చోట నేను మావయ్య పక్షానికి మారాను. 39 అంకెలకీ, స్టీల్ పలకకీ, మూడు కీలకీ ఇంజనీర్ల దగ్గర సమాధానం ఉంది. ఒక రహస్యాన్ని ఊరందరి దగ్గరా దాచి, సరైన రోజున సరైన ఒక్క మనిషికి అందించడం మాత్రం ఇంజనీరింగ్ కాదు. అది సంసారం. క్రిప్టో పత్రికల్లో దీని మీద వచ్చే వ్యాసాల్లో ఆ మనిషికి ఎప్పుడూ కంప్యూటర్ బాగా వచ్చే ఉంటుంది.

మేనకోడలు: నిజమే, సాఫ్ట్‌వేర్ ఏమీ చెప్పదు. కానీ దీనికి పరీక్ష ఉంది. మల్టీసిగ్ వదిలేద్దాం, మీ అవసరానికి అది ఎక్కువ. ఒకే పరికరం, ఒకే బీజం, రెండు పలకలు రెండు ఊళ్లలో. ముందు వెయ్యి రూపాయల విలువే అందులోకి పంపుతాం. తర్వాత పరికరంలో ఉన్నదంతా తుడిచేస్తాం. అత్తయ్యకి పలక, తెలుగులో మీరు రాసిన ఒక కాగితం ఇస్తాం. మీరు, నేను గదిలో ఉండం. ఆవిడే తెరవాలి.

మావయ్య: కాగితంలో మొదటి వాక్యం నేను చెబుతాను. ఎవడు ఫోన్ చేసి అడిగినా ఈ మాటలు చదవొద్దు, పోలీసునన్నా చదవొద్దు, బ్యాంకునన్నా చదవొద్దు.

మేనకోడలు: నేనడిగినా చదవొద్దని కూడా రాయండి. ఇప్పుడు గొంతులు కూడా తయారుచేస్తున్నారు.

మావయ్య: రాస్తాను. ఏడాదికోసారి, ఆదాయపు పన్ను రిటర్ను వేసే నెలలో, మళ్లీ ఇదే పరీక్ష. మేం లాకర్ల రిజిస్టరు అలాగే తనిఖీ చేసేవాళ్లం.

మేనకోడలు: అత్తయ్య తెరవలేకపోతే?

మావయ్య: కాగితం సరిగ్గా రాయలేదన్నమాట, తిరగరాద్దాం. రెండోసారీ తెరవలేకపోతే అమ్మేస్తాను.

మేనకోడలు: అమ్మితే లాభంలో 30 శాతం పన్నుకే పోతుంది మావయ్యా.

మావయ్య: పోనీ. మిగతా 70 మీ అత్తయ్యకి అందుతుందిగా.